లిస్టులో లేని ఊరు

నా ఫోన్‌లో ఒక లిస్టు ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 2017లో రాసుకున్నా. చూసి తీరాల్సిన ఊళ్ళు మొత్తం నలభై. ఇప్పటికి పదకొండింటికి టిక్కు పెట్టేశా. జపాన్‌లో కోయాసాన్, నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్, వియత్నాంలో హోయి ఆన్... ఇలా సాగుతుంది. ఎవరైనా కొత్తగా పరిచయమైతే ఆ లిస్టు తీసి చూపించడం నాకు సరదా.

అందులో మా ఊరు లేదు. సొంతూరిని ఎవరైనా అలాంటి లిస్టులో రాసుకుంటారా చెప్పండి?

మాది వెంకటాచలం. నెల్లూరు జిల్లా. మీరు చెన్నై నుంచి విజయవాడ వైపు కారులో వెళ్ళుంటే మా ఊరు దాటే ఉంటారు. గూడూరు దాటాక, నెల్లూరు రాకముందు, పదహారో నంబరు జాతీయ రహదారి మీద టోల్‌గేటు వస్తుంది. ఫాస్టాగ్ కుయ్‌మంటుంది, గేటు లేస్తుంది, మీరు వెళ్ళిపోతారు. రైల్లో వెళ్తే అదీ ఉండదు. చాలా ఎక్స్‌ప్రెస్‌లు మా స్టేషన్‌లో ఆగవు. సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ అయితే బోర్డు మీద పేరు చదివేలోపే దాటేస్తుంది.

నేనూ అంతే. బెంగళూరు నుంచి ఏడాదికి రెండుసార్లు వచ్చి, అమ్మ చేతి వంట తిని, నిద్రపోయి, తిరిగి వెళ్ళిపోయేదాన్ని. 2025 సంక్రాంతికి మాత్రం అలా కుదర్లేదు.

“ఏం లేదులే, పొయ్యిరా”

పండక్కి వచ్చేటప్పుడు కెమెరా వెంట తెచ్చుకున్నా. 2025 జనవరిలో సూళ్ళూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్ సరిగ్గా పండగ తర్వాతి శనివారం మొదలు. పులికాట్‌లో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు... ఫొటోలకు ప్లానంతా సిద్ధం.

“శనివారం పొద్దున్నే సూళ్ళూరుపేట వెళ్తున్నామ్మా” అన్నా.

మురుకులు డబ్బాలో సర్దుతున్న అమ్మ చెయ్యి ఆగింది. “శనివారమా?” అంది.

“అవును, ఏం?”

“ఏం లేదులే. పొయ్యిరా.”

మీ ఇంట్లోనూ అమ్మ ఉంది కాబట్టి మీకు తెలుసు. ‘ఏం లేదులే’ అంటే ఏదో ఉందని. రాత్రి అన్నం తినేటప్పుడు మళ్ళీ అడిగా. మూడోసారి అడిగితే చెప్పింది.

2021 మే నెల. నేను బెంగళూరులో ఒంటరిగా గదిలో ఉన్నా. కొవిడ్. అమ్మ ఇక్కడ ఉంది. లాక్‌డౌన్ వల్ల రావడానికి లేదు, వచ్చినా నేను రానివ్వను. వేలికి ఆక్సీమీటర్ పెట్టుకుని పూటకోసారి ఫోన్‌లో అంకె చెప్పేదాన్ని. అంతవరకే నాకు గుర్తుంది. అవతల అమ్మ ఏం చేసిందో నాకెప్పుడూ తెలీదు. నేనూ అడగలేదు.

“నా బిడ్డ లేచి తిరిగితే తీసుకొచ్చి నీ దగ్గిర ఒక రాత్రి నిద్ర చేయిస్తా స్వామీ అని మొక్కుకున్నా పాపా. గొలగమూడిలో. శనివారం నిద్ర.”

“మరి నాలుగేళ్ళలో ఒక్కసారీ అడగలేదేం?”

“అడిగా గదా. జపాన్ పొయ్యొచ్చినాక అడిగా. తరవాత చూద్దాంలే అన్నావు. మళ్ళా ఇంకేదో దేశం పోతుండావు. పిలకాయలు పనిలో ఉండారని ఊరుకున్నా.”

నాకు గుర్తు లేదు. అదే ఎక్కువ బాధేసింది. కెమెరా బ్యాగు జిప్పు వేసి మూల పెట్టేశా. పక్షులు ఎటూ మార్చి దాకా ఉంటాయి.

గుళ్ళో నిద్ర

గొలగమూడి మా వెంకటాచలం మండలంలోదే. మా ఇంటి నుంచి ఆటోలో అరగంట. అక్కడ ఉన్నది అవధూత వెంకయ్య స్వామి సమాధి మందిరం. ఈ జిల్లాలోని నాగులవెల్లటూరులో పుట్టి, ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి, చివరికి గొలగమూడిలో స్థిరపడ్డారు. 1982 ఆగస్టు 24న సమాధి అయ్యారు. ఏటా ఆగస్టులో ఆరాధనోత్సవాలకు నేల ఈనినట్టు జనం వస్తారు. నెల్లూరు జిల్లాలో వెంకయ్య అనే పేరు ఎక్కువగా వినిపించడానికి ఆయనా ఒక కారణం.

శనివారం సాయంత్రం ఐదింటికి చాప, రెండు దుప్పట్లు, నీళ్ళ సీసా, దోమల చక్రం పట్టుకుని బయల్దేరాం. అమ్మకు ప్యాకింగ్ లిస్టు ఏదీ అక్కర్లేదు. నేను పదకొండు దేశాలు తిరిగి నేర్చుకున్న దానికంటే పొందిగ్గా సర్దింది.

గుడి దగ్గర పూలమ్మే పెద్దావిడ అమ్మను చూడగానే లేచి నిలబడింది.

“ఏమ్మా, నాలుగేళ్ళుగా కానరాకుండా పొయ్యావే? ఒంట్లో బాగలేదేమోనని అనుకుంటుండా.”

నేను అమ్మ వైపు చూశా. నాకు తెలిసి అమ్మ నెలకో శనివారం గొలగమూడి వెళ్తుంది. నాన్న ఉన్నప్పటి నుంచీ అలవాటు. వీధిలో నలుగురు ఆడవాళ్ళు కలిసి ఒక ఆటో మాట్లాడుకుని వెళ్ళి, తెల్లారి వచ్చేవాళ్ళు. అమ్మకు ఉన్న టూరు అదొక్కటే.

“నువ్వు రావడం మానేశావా?”

“నిన్ను తీసుకొస్తానని మాటిచ్చా గదా. నువ్వు లేకుండా ఏ మొహం పెట్టుకొని వొచ్చేది?” అంది పూలు బేరమాడుతూ, అదేదో మామూలు సంగతి అయినట్టు.

అంటే, నేను ‘తరవాత చూద్దాంలే’ అని ఫ్లైటెక్కిన ప్రతిసారీ అమ్మ టూరు కూడా ఆగిపోయింది. నా పాస్‌పోర్టులో ముద్రలు పడుతున్న ఆ నాలుగేళ్ళూ ఆవిడ అరగంట దూరం కూడా కదల్లేదు.

లోపల సమాధి దగ్గర అమ్మ సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. క్యాలెండర్ షీటు. 2021 మే. తేదీల గళ్ళలో పెన్నుతో అంకెలు. 94, 91, 89, 88, 88, 90... నేను ఫోన్‌లో చెప్పిన అంకెలు, పూటకొకటి. 88 ఉన్న గడిలో పెన్ను గట్టిగా నొక్కినట్టుంది, కాగితం కాస్త చిరిగింది. దాన్ని అక్కడ పెట్టి, దణ్ణం పెట్టుకుని, మళ్ళీ మడిచి సంచిలో వేసుకుంది. ఏం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేకపోయా.

ధుని దగ్గర విభూతి తీసుకుని, అన్నదానంలో భోంచేసి, చోటు వెతుక్కున్నాం. అప్పటికే వందల మంది చాపలు పరిచేశారు. పసిపిల్లలను పడుకోబెట్టుకున్న తల్లులు, కాలికి కట్టుతో ఉన్న ముసలాయన, ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న కాలేజీ కుర్రాళ్ళు. ఒకరినొకరు ఎవరని అడగరు. చాప కాస్త జరిపి చోటిస్తారు. ఎక్కడో ‘ఓం నారాయణ ఆదినారాయణ’ అని నామం నడుస్తూనే ఉంది.

“మే, జపాన్‌లో కూడా గుళ్ళో పడుకున్నానంటివే. ఇట్టానే ఉంటదా?” అడిగింది అమ్మ.

నిజమే. కోయాసాన్ అనేది కొండ మీద ఉన్న బౌద్ధ క్షేత్రం. కూకాయ్ అనే సన్యాసి 816లో మొదలుపెట్టాడు. ఇప్పటికీ అక్కడ నూటికి పైగా ఆలయాలున్నాయి. వాటిలో యాభై దాకా యాత్రికులకు రాత్రి బస ఇస్తాయి. చాప గదిలో పరుపు వేస్తారు, ఉల్లి వెల్లుల్లి లేని శాకాహారం పెడతారు, తెల్లారుజామున ప్రార్థనకు పిలుస్తారు. నేను మా ఆఫీసులో ఒక నెల పాటు ఆ రాత్రి గురించే చెప్పా. ‘జీవితంలో ఒక్కసారైనా గుళ్ళో పడుకోవాలి’ అని అందరికీ సలహా కూడా ఇచ్చా.

“దాదాపు ఇట్టానేనమ్మా. గదులుంటాయి అంతే.”

“ఎంత తీసుకున్నారు?”

“ఒక రాత్రికి పన్నెండు వేల దాకా అయింది.”

“నిద్దరకా!” అని అమ్మ లేచి కూర్చుంది. పక్క చాప ఆవిడకు కూడా చెప్పింది. “మా పాప పన్నెండు వేలిచ్చి నిద్దరపొయ్యొచ్చింది, వింటివా?” ఇద్దరూ నవ్వీ నవ్వీ దగ్గారు. నేనూ నవ్వా. ఆ నవ్వులోనే నిద్ర పట్టింది.

తెల్లారుజామున చలికి మెలకువొస్తే, నా మీద రెండు దుప్పట్లున్నాయి. అమ్మ చీర కొంగు కప్పుకుని పడుకుని ఉంది.

రెండో మొక్కు, మూడో మొక్కు

ఇంటికొచ్చి స్నానాలు చేసి, కారం దోసెలు తిని కూర్చున్నాం. “హమ్మయ్య, మొక్కు తీరిపోయింది” అన్నా.

“ఒకటి తీరింది” అంది అమ్మ.

“ఇంకా ఉన్నాయా?”

“అట్టాంటప్పుడు ఒక్కరికే చెప్తామా ఎవరన్నా? కసుమూరు మస్తాన్ స్వామికి చెప్పా. కోడూరు వేళాంగణి మాతకు కూడా చెప్పా.”

ఇక లాభం లేదని పక్కింటి అబ్బాయి కారు మాట్లాడా. ఆదివారం మొత్తం అమ్మ చెప్పినట్టు తిరగడమే.

మొదట కసుమూరు. అదీ మా మండలమే. మస్తాన్ వలీ దర్గాకు నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచే కాదు, తమిళనాడు నుంచి కూడా జనం వస్తారు. బొట్టు పెట్టుకున్నవాళ్ళు, టోపీ పెట్టుకున్నవాళ్ళు ఒకే వరసలో నిలబడతారు. అమ్మ తలపై కొంగు కప్పుకుని, పూలచాదరు పట్టుకుని లోపలికి వెళ్ళింది. చదివింపులు అయ్యాక చేతిలో చక్కెర పెట్టారు. బయట చెట్టు కింద కూర్చుని అది తింటూ అడిగా.

“అమ్మా, ముగ్గురికి మొక్కితే ఎవరు వింటే తగ్గిందో ఎట్టా తెలుస్తుంది?”

“తెలుసుకొని ఏం చేస్తావు? తగ్గింది గదా. అందరికీ పొయ్యి చెప్పి రావాల.”

నెల్లూరు వైపు ఇది మామూలే. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక తీరినవాళ్ళు నీళ్ళలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్ళు తీసుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె... ఈమధ్య వీసా రొట్టె కూడా. అక్కడ రొట్టె పంచేవాళ్ళ మతం ఎవరూ అడగరు.

ఇంటిపేరు ఇచ్చిన ఊరు

కసుమూరు నుంచి వెనక్కొచ్చి, హైవే దాటి తూర్పు దిక్కు పట్టుకున్నాం. కాసేపటికి సర్వేపల్లి. ఈ పేరు మీకు స్కూల్లోనే తెలుసు. సెప్టెంబర్ 5 ఉపాధ్యాయ దినోత్సవం. మాజీ రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టింది 1888లో తిరుత్తణిలో. కానీ ఆయన పూర్వీకులు ఈ ఊరివాళ్ళే. ఇక్కణ్ణుంచి వెళ్తూ ఊరి పేరును ఇంటిపేరుగా వెంట తీసుకెళ్ళారు. ఆక్స్‌ఫర్డ్‌లో పాఠం చెప్పిన మనిషి పేరు ముందు మా మండలంలోని చిన్న ఊరు నిలబడింది.

ఊరి పక్కన సర్వేపల్లి చెరువు. రిజర్వాయరు అంటారు గానీ మా నోట చెరువే. పెన్నా నీళ్ళు నెల్లూరు మీదుగా కాలవలో వచ్చి ఇందులో చేరతాయి. సంక్రాంతి రోజుల్లో నిండుగా ఉంటుంది. కట్ట మీద నిలబడితే ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క పచ్చటి వరి. కొంగలు వరసగా నిలబడి ఉన్నాయి. కెమెరా ఇంట్లో పెట్టొచ్చానని అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్‌తో రెండు తీశా, చాలు.

డ్రైవర్ కుర్రాడు విక్రమ సింహపురి యూనివర్సిటీలో చదువుతున్నాడు. అది 2008లో పెట్టారు, మా మండలంలోని కాకుటూరులోనే. “అక్కా, మన ఊళ్ళో తెలుగుకు ఒక కేంద్రం పెట్టారు తెలుసా?” అన్నాడు. తెలీదు. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా వచ్చింది. ఆ తర్వాత మైసూరులో పెట్టిన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం 2020 జనవరిలో వెంకటాచలంలో, స్వర్ణభారత్ ట్రస్ట్ ప్రాంగణంలో ప్రారంభమైంది. నేను పుట్టి పెరిగిన ఊరి గురించి నాకంటే చిన్నవాడు చెబుతుంటే వినాల్సి వచ్చింది.

అమ్మ చేసిన విదేశీ ప్రయాణం

ముత్తుకూరు వైపు వెళ్ళేకొద్దీ ఊళ్ళ తీరు మారిపోతుంది. కృష్ణపట్నం పోర్టు 2008లో మొదలయ్యాక ఇటువైపు రోడ్లు వెడల్పయ్యాయి, లారీలు బారులు తీరాయి. పోర్టుకు వెళ్ళే రైలు మార్గం చీలేది మా వెంకటాచలం దగ్గరే. 2019లో ఓబులవారిపల్లె నుంచి వచ్చే కొత్త లైను కూడా ఇక్కడ కలిసింది. అందులో వెలిగొండల కింద ఆరు కిలోమీటర్లకు పైగా సొరంగం ఉంది. దూరంగా థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల గుంటలు, వాటిలో తిరిగే ఏరియేటర్ల చప్పుడు. అమ్మ కిటికీలోంచి చూస్తూ, “ఇదంతా వరి ఉండేది” అని ఒకచోట, “ఇది ఉప్పు కొఠారు” అని ఇంకోచోట చెప్పుకుంటూ వచ్చింది.

కోడూరు బీచ్‌కు వెళ్ళాలంటే ఒక కాలవ దాటాలి. వంతెన మీదకు రాగానే అమ్మ, “నిలుపు నాయనా” అంది.

అది బకింగ్‌హామ్ కాలవ. సముద్రానికి సమాంతరంగా, పెదగంజాం నుంచి తమిళనాడులో మరక్కాణం దాకా దాదాపు 420 కిలోమీటర్లు. 1806లో మద్రాసు దగ్గర చిన్న కాలవగా మొదలైంది. కొంచెం కొంచెంగా పెరిగింది. 1876–78 ధాత కరువులో ఆకలితో అల్లాడుతున్న జనానికి కూలి ఇచ్చి మద్రాసు నగరంలో మిగిలిపోయిన ముక్క తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరు దీనికి పెట్టారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు చాలా చోట్ల ఈ కాలవే నీటిని తనలోకి తీసుకుని అలల జోరు తగ్గించింది. 2008లో జాతీయ జలమార్గం–4లో దీన్ని చేర్చారు. ప్రస్తుతానికి మాత్రం నాచు పట్టి, పూడిపోయి, కదలకుండా ఉంది.

“మీ తాత దీన్లోనే పడవేసుకొని పొయ్యేవాడు, మద్రాసుకి” అంది అమ్మ.

తాత పడవ నడిపేవాడని తెలుసు. అంతకు మించి ఎప్పుడూ అడగలేదు.

“సరుగుడు కట్టెలేసుకొని పొయ్యేవాళ్ళు. గాలుంటే చాప ఎత్తేది, గాలి లేకుంటే గట్టు మీద నడుస్తా తాడుతో లాగేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి తీసకపొయ్యాడు. మూడు రాత్రిళ్ళు పడవలోనే. కట్టెల మీద గోనెసంచి పరిస్తే దాని మీదే పండుకున్నా. పులికాట్ దగ్గిరికి పొయ్యేతలికి తెల్లారింది. నీళ్ళ మీద ఎర్రగా ఏందో పరిచినట్టుంది. చూస్తుండగానే అదంతా లేచి ఎగిరిపొయ్యింది. పక్షులు.”

ఫ్లెమింగోలు. నేను కెమెరా వేసుకుని చూద్దామనుకున్నవి. అమ్మ ఎనిమిదేళ్ళ వయసులో, కట్టెల పడవ మీద పడుకుని చూసింది.

“మద్రాసులో బేసిన్ బ్రిడ్జి కాడ దిగాం. మీ తాత నాకు ఒక రిబ్బను కొనిచ్చాడు. అక్కడ మనుషులు మాట్లాడేది నాకు ఒక్క ముక్క అర్థం కాలా. అదే నా ఫారిన్ టూరు” అని నవ్వింది.

2024లో ఆఫీసు పని మీద ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళినప్పుడు అక్కడి కాలవల్లో గంటసేపు పడవ షికారు చేశా. పదిహేడో శతాబ్దంలో తవ్వినవి. 2010 నుంచి యునెస్కో వారసత్వ సంపద. చెవిలో పెట్టుకున్న యంత్రం ప్రతి వంతెన కథా చెప్పింది. ఏ వర్తకుడు ఏ ఇంట్లో ఉన్నాడో, ఏ గోదాములో ఏం నిల్వ చేశారో శ్రద్ధగా విన్నా. నోట్స్ కూడా రాసుకున్నా. మా తాత తాడు భుజానికేసుకుని లాగిన కాలవ గట్టు మీద నేను నిలబడటం మాత్రం అదే మొదటిసారి.

ఆ రోజు అమ్మను ఒక అరగంట అక్కడే కూర్చోబెట్టి అడిగినవన్నీ ఫోన్‌లో రికార్డు చేశా. పడవ పేరేంటి, ఎంతమంది ఎక్కేవాళ్ళు, వంట ఎక్కడ, తుపాను వస్తే ఏం చేసేవాళ్ళు. కొన్ని గుర్తున్నాయి, కొన్ని లేవు. “మీ తాత ఉన్నప్పుడు అడిగుంటే అంతా చెప్పేవాడు” అంది. నేను దేనికీ సమాధానం చెప్పలేదు.

కోడూరులో వేళాంగణి మాత ముందు కొవ్వొత్తి వెలిగించి మూడో మొక్కు కూడా తీర్చాం. సాయంత్రం నాలుగింటికి ఇసకలో కూర్చుని మరమరాలు తిన్నాం. అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగి, అల వచ్చినప్పుడల్లా వెనక్కి ఉరికింది. మోకాళ్ళ నొప్పులని నాకు రోజూ ఫోన్‌లో చెప్పే మనిషి.

మీరు వెళ్తే...

వెళ్ళాలనుకుంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో నెల్లూరు ఎండ మీరు తట్టుకోలేరు. నెల్లూరు స్టేషన్‌లో దిగడం సులువు. అక్కణ్ణుంచి గొలగమూడికి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. రెండు రోజులు చాలు. శనివారం రాత్రి గొలగమూడి, ఆదివారం కసుమూరు, సర్వేపల్లి, కోడూరు. ఇంకో రోజు ఉంటే మైపాడు బీచ్ ఒక పూట, నేలపట్టు, పులికాట్ ఒక పూట.

గుళ్ళో నిద్ర చేయాలంటే చాప, దుప్పటి, దోమల మందు మీరే తెచ్చుకోండి. విలువైనవి తేకండి. పడుకున్నవాళ్ళ ఫొటోలు తీయకండి. అక్కడికి వచ్చినవాళ్ళలో చాలామంది ఏదో ఒక కష్టం మోసుకుని వస్తారు. దర్గాలో తల కప్పుకోవడానికి రుమాలో, చున్నీయో ఉంచుకోండి. కోడూరు, మైపాడుల్లో సముద్రం చూడ్డానికి నెమ్మదిగా ఉంటుంది గానీ లోపల లాగుతుంది. మోకాళ్ళు దాటి దిగకండి.

తిండి సంగతికొస్తే, పొద్దున కారం దోసె, మధ్యాహ్నం చేపల పులుసు. బొమ్మిడాయిలు దొరికితే వదలకండి. పచ్చి మామిడికాయ వేసిన పులుసు వండిన రోజు కంటే మర్నాడే బాగుంటుంది. ఆదివారం రాత్రి అమ్మ పులుసు వండి గిన్నె మీద మూత పెట్టేసింది. “ఇప్పుడు కాదు, రేప్పొద్దున తిందువు” అంది. సోమవారం పొద్దున వేడన్నంలో అది తిన్నాకే రైలెక్కా.

ఇంకొక్క సలహా. మీతో ఊళ్ళో పెద్దవాళ్ళెవరైనా ఉంటే కారు ముందు సీట్లో వాళ్ళను కూర్చోబెట్టండి. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపండి.

బయల్దేరే ముందు ఆ క్యాలెండర్ షీటు అడిగా. “మొక్కు తీరింది గదా, ఇంక ఎందుకు, పొయ్యిలో ఏసేద్దామనుకుంటుండా” అంది. తీసుకుని నా పాస్‌పోర్టు కవర్లో పెట్టుకున్నా.

తర్వాతి శనివారం రాత్రి ఎనిమిదింటికి బెంగళూరు నుంచి ఫోన్ చేశా. రెండుసార్లు చేసినా ఎత్తలేదు. కంగారుపడి మూడోసారి చేస్తే ఎత్తింది. వెనక ఒకటే జనం సందడి, నామం.

“అమ్మా, ఎక్కడున్నావు?”

“యాడుంటా? శనివారం గదా” అంది. “చాప పరిచా. పొద్దున మాట్లాడతాలే, పెట్టెయ్.”